బ్రౌన్ కాగితాల వెంట: కడప, చెన్నై, లండన్

మొదటి రోజు, కడప

కడప స్టేషన్ బయట ‘సి.పి.బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం’ అని పూర్తి పేరు చెబితే ఆటోవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ‘బ్రౌన్ లైబ్రరీ’ అంటే చాలు. ‘ఎర్రముక్కపల్లె కాడ దొర లైబ్రరీ గదా, కూచోన్నా’ అంటారు. నూట ఇరవై అడిగి ఎనభైకి దిగారు.

ముందే ఒక మాట. బ్రౌన్ కాగితాలు చూద్దామని బయలుదేరేవాళ్లు చాలామంది నేరుగా కడపకే వస్తారు. ఆయన పని చేసిన చోటు ఇదే. కాని ఆయన రాయించిన ప్రతులు, పండితులతో నడిపిన ఉత్తరాలు చెన్నైలో ఉన్నాయి. పుట్టుక, చదువు, కొలువు తాలూకు కుంఫిణీ (ఈస్టిండియా కంపెనీ) దస్తావేజులు లండన్‌లో ఉన్నాయి. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1798 నవంబరు 10న కలకత్తాలో పుట్టిన ఆంగ్లేయుడు, 1817లో మద్రాసుకు వచ్చిన సివిల్ ఉద్యోగి, చివరికి లండన్‌లో తెలుగు ఆచార్యుడు. కాబట్టి ముందు చోటు, తరువాత కాగితం, ఆఖరున మనిషి, ఈ వరసలో వెళితే తిరుగుడు తగ్గుతుంది.

1820 ఆగస్టులో కలెక్టరు హాన్‌బరీ కింద సహాయకుడిగా బ్రౌన్ కడపలో దిగాడు. అప్పటికి ఆయన తెలుగు పరీక్ష గట్టెక్కేంతవరకే. మచిలీపట్నం, రాజమండ్రి తిరిగి 1826లో మళ్లీ ఇక్కడికే వచ్చినప్పుడు కొన్న బంగళా ఈ స్థలంలో ఉండేది. పండితులకు, లేఖకులకు ఆయన సొంత జీతాలిచ్చి పెట్టుకున్నాడు. జనం దానికి ‘బ్రౌన్ కాలేజీ’ అని పేరు పెట్టారు. అందులో బడి లేదు, పిల్లలు లేరు. ఉన్నది ప్రతులు పోగేసి, పోల్చి, శుద్ధప్రతి రాసే కార్ఖానా. దాని ఆలనాపాలనా చూసింది అయోధ్యాపురం కృష్ణారెడ్డి.

బంగళా కూలి మొండిగోడలు మిగిలిన చోట జానమద్ది హనుమచ్ఛాస్త్రి ఇంటింటికీ తిరిగి చందాలు పోగుచేసి ఈ గ్రంథాలయం లేపారు. ఊళ్లో ఆయన్ను ‘బ్రౌన్ శాస్త్రి’ అనేవారు. ఇప్పుడిది యోగి వేమన విశ్వవిద్యాలయం కింద నడుస్తోంది. పొద్దున పేపరు చదివే పెద్దలు, పోటీపరీక్షల కుర్రాళ్లు, మధ్యలో ఎవరో ఒక పరిశోధక విద్యార్థి. ‘బ్రౌన్ గురించి’ అనగానే ఓ పెద్దాయన కళ్లద్దాలు తీసి, ‘యాన్నుంచొచ్చినారు? భోంచేసినారా?’ అని అడిగారు. కడపలో ఏ పనైనా ఈ రెండో ప్రశ్న దాటుకునే మొదలవుతుంది.

రెండో రోజు, కడపలోనే

పొద్దున కారం దోశ. పెనం మీద దోశ సగం కాలాక ఎర్రకారం మెత్తాలి, ఆ మీద పప్పుల పొడి చల్లాలి, వెన్న వేయాలి. మొదట పొడి చల్లితే పచ్చిపిండిలో కలిసి ముద్దవుతుంది. ఎర్రకారం మిరపకాయ, ఉల్లిగడ్డ, వెల్లుల్లి నూరింది. అలవాటు లేనివాళ్లు ‘కారం తక్కువ’ అని ముందే చెప్పుకోవాలి. చెప్పినా తక్కువేం ఉండదు. పక్క బండిలో ఉగ్గాని, బజ్జీ. ఇద్దరి కడుపులూ నూట యాభైకి నిండాయి.

గ్రంథాలయంలో ఈ రోజు చూడాల్సింది కైఫియ్యత్తులు. కాలిన్ మెకంజీ ఊరూరా మనుషుల్ని పంపి రాయించిన గ్రామచరిత్రల్లో కడప జిల్లావి ఇక్కడివాళ్లు సంపుటాలుగా అచ్చువేశారు. బ్రౌన్ కోసం వచ్చి వీటిని ఎందుకు చూడాలంటే, చెన్నైలో బ్రౌన్ ప్రతులూ మెకంజీ ప్రతులూ ఒకే గూటిలో ఉంటాయి. పాత చేతిరాత చదవడం అలవాటు లేనివాళ్లు ముందు అచ్చు కైఫియ్యత్తుల భాష నాలుగు గంటలు చదువుకుంటే అక్కడ రెండు రోజులు మిగులుతాయి. ‘యిది’, ‘వూరు’, ‘వొక’ లాంటి రాతలు, ఫసలీ (శిస్తు వసూలు సంవత్సరాల) లెక్కలు, సంవత్సరాల పేర్లు కంటికి అలవడాలి. రక్తాక్షి, క్రోధన అని ఉన్నచోట ఇంగ్లీషు సంవత్సరం వెంటనే తేలాలి. అరవై ఏళ్ల చక్రం కాబట్టి ఒక చుట్టు తప్పితే అరవై ఏళ్లు తప్పుతుంది. ఆ పట్టిక ఒకటి కాగితం మీద రాసుకుని వెంట ఉంచుకోండి.

మధ్యాహ్నం రాగిసంగటి, నాటుకోడి పులుసు. సంగటిని నమలరు, పులుసులో అద్ది మింగుతారు. నమిలితే వడ్డించేవాళ్లు చూసి నవ్వుతారు, మళ్లీ ఇంకో ముద్ద పెడతారు.

మూడో రోజు, చెన్నై

తప్పుదారి ఇక్కడే. పాత పుస్తకాల పీఠికలన్నీ ‘ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారం, చేపాక్, మదరాసు’ అనే చెబుతాయి. 1869లో ఏర్పడిన ఈ ప్రభుత్వ భాండాగారం చాలాకాలం మద్రాసు విశ్వవిద్యాలయం గ్రంథాలయ భవనంలోనే ఉంది. ఇప్పుడు కోట్టూర్‌పురంలో అన్నా శతజయంతి గ్రంథాలయంలోకి మారింది. మెరీనా ఎదురుగా ఎర్రభవనాల చుట్టూ గంట తిరిగాక ఓ కాపలాదారు ‘అదు ఇప్పో ఇంగ ఇల్లే సార్’ అని చేయి దక్షిణం వైపు చూపించాడు. ఖర్చు పెద్దగా లేదు. చేపాక్, కోట్టూర్‌పురం రెండూ ఒకే ఎత్తుదారి రైలు లైను మీదివి. ఐదు రూపాయల టికెట్టు. దిగాక నడకే.

లోపలికి వెళ్లడానికి గుర్తింపుకార్డు, మీ సంస్థ ముద్రతో ఒక పరిచయలేఖ, ఏ ప్రతులు కావాలో రాసిన కాగితం ఉంటే పని సులువు. ‘బ్రౌన్ కాగితాలు చూపించండి’ అంటే ఎవరూ ఏమీ తేలేరు. ఆ పేరుతో అరలు విడిగా లేవు. మెకంజీ, లేడెన్, బ్రౌన్ అనే మూడు సేకరణల మీదే ఈ భాండాగారం నిలిచింది. తరువాత అన్నీ కలిపి నంబర్లు వేశారు. ‘డి’తో మొదలయ్యేవి వివరణాత్మక సూచికలోవి, ‘ఆర్’తో మొదలయ్యేవి మూడేళ్లకోసారి వేసిన సూచికలోవి. తెలుగు సూచిక సంపుటాలు తిరగేసి, గ్రంథం పేరు పట్టుకుని, నంబరు రాసుకుని అడగాలి. డి, ఆర్ తికమక పడితే అదే అంకె మీద ఇంకో భాషలో ఇంకేదో వచ్చి బల్ల మీద కూర్చుంటుంది.

నాలుగో రోజు, చెన్నై, బల్ల ముందు

తాటాకులు ముందు చూడండి, కాగితం తరువాత. ఆ వరసలోనే బ్రౌన్ చేసిన పని అర్థమవుతుంది.

తాటాకు కట్ట రెండు చెక్కల మధ్య, తాడు బెజ్జాల గుండా. తాడు మొత్తం లాగేయకూడదు. వదులు చేసి ఒక్కో ఆకును రెండు చేతులతో తిప్పాలి. చివర పట్టి ఎత్తితే పాత ఆకు బెజ్జం దగ్గర పుటుక్కున విరుగుతుంది. గంటంతో గీసిన అక్షరానికి సొంతంగా రంగు లేదు. మసి పూస్తేనే కనపడుతుంది. మసి పోయినచోట దీపం పైనుంచి కాకుండా పక్కనుంచి ఏటవాలుగా పడేలా పెడితే గీత నీడ తేలుతుంది. మసి మళ్లీ పూయడం, నిమ్మగడ్డి నూనె రాయడం అక్కడి సంరక్షకుల పని. మనం వేలు కూడా పెట్టకూడదు. ఆకు అంకె ఎడమ అంచున తెలుగు అంకెల్లో ఉంటుంది.

చదవడం మొదలుపెట్టగానే మూడు చోట్ల కాలు జారుతుంది. మాటకూ మాటకూ మధ్య ఎడం లేదు. ఎ–ఏ, ఒ–ఓ తేడా చూపరు, ఛందస్సే చెప్పాలి. ‘ర్’ పొల్లు వలపలగిలకగా హల్లు పక్కన కూర్చుంటుంది, దాన్ని తొమ్మిది అంకె అనుకుంటే పద్యం లెక్క చెడుతుంది.

ఇక కాగితం ప్రతి. కుడిపుటలో పద్యం, ప్రతి పద్యానికీ అంకె. ఎడమపుట ఖాళీ. ఆ ఖాళీలోనే ఉంది అసలు సంగతి. దొరికినన్ని తాటాకు ప్రతులు తెప్పించడం మొదటి పని. ఒక ప్రతిని ఇలా కాగితం మీద ఎత్తి రాయించడం రెండో పని. తరువాత పండితులు కూర్చుని మిగతా ప్రతులు ఒక్కొక్కటే చదువుతుంటే, తేడా వచ్చిన మాటను పద్యం అంకె వేసి ఎడమవైపు రాసేవారు. చివర ఏ పాఠం నిలవాలో వాదించుకుని తేల్చేవారు. బ్రౌన్ తీర్పు తరచూ గణాల మీద నడిచింది. ఉత్పలమాలలో యతి పదో అక్షరం, చంపకమాలలో పదకొండోది. ఎంత సొగసైన పాఠమైనా అక్కడ పొసగకపోతే లేఖకుడి పొరపాటు కింద పోతుంది. ఛందస్సు తప్పనివి రెండు మిగిలితేనే వాదం. పద్యం బిగువు పరాయివాడికి కూడా ఒక కొలబద్ద చేతికిచ్చింది. వచనానికి ఆ వీలు లేదు.

ప్రతి ఏ కాలానిదో తెలుసుకోవడానికి ఒక ఉపాయం. ఇంగ్లండు కాగితమైతే, అనుమతి అడిగి పుటను వెలుతురుకు పట్టించండి. తయారీదారు పేరు, కింద సంవత్సరం నీటిముద్రగా కనపడవచ్చు. రాత ఆ సంవత్సరానికి ముందుది కాజాలదు. ఇంకు గాఢంగా పడ్డచోట కాగితాన్ని తినేసి అక్షరం మేర చిల్లు పడుతుంది. పాత ఇంకులోని ఇనుము, పులుపు చేసే పని అది. అలాంటి పుట వెనకపక్క నల్లకాగితం పెట్టి చదవకండి, చిల్లే అక్షరంలా కనపడి మోసం చేస్తుంది. తెల్లకాగితం నయం.

చేతిరాతలు వేరుచేయడం మొదలుపెడితే పొద్దు తెలియదు. గుండ్రటి ముత్యాల్లాంటి లేఖకుడి రాత ఒకటి, తొందరగా సాగే పండితుడి రాత ఇంకొకటి, అంచున సన్నటి ఇంగ్లీషు బ్రౌన్‌ది. ‘బ్రౌన్ పరిష్కరించిన’ అని మనం అలవాటుగా రాసేస్తాం. ఈ ఎడమపుటలు చూశాక ఆ మాట అంత సులువుగా రాదు. జూలూరి అప్పయ్య, వఠ్యం అద్వైతబ్రహ్మశాస్త్రి, మన్నెపల్లి రామకృష్ణకవి లాంటివాళ్ల చేతులు ఇందులో ఉన్నాయి. 1844లో వసుచరిత్ర, 1851లో మనుచరిత్ర అచ్చయినప్పుడు వ్యాఖ్యానం అప్పయ్యది. డబ్బూ పట్టుదలా దొరవి, అప్పు కూడా దొరదే. చదువు మాత్రం వీళ్లది. పండితుల ఉత్తరాలను 1970లలో తవ్వి బయటపెట్టిన పరిశోధకుడు బంగోరె (బండి గోపాలరెడ్డి) లేకపోతే ఈ పేర్లు ఇంకా అట్టల మధ్యనే ఉండేవి.

కింద క్యాంటీన్‌లో సాంబారన్నం, పెరుగన్నం. చదువరులంతా ఒకే గంటలో దిగుతారు. ఒంటిగంటకు పది నిమిషాల ముందు లేస్తే వరస ఉండదు.

ఐదో రోజు, కాలేజీ రోడ్డు, వేపేరి

నుంగంబాక్కంలో కాలేజీ రోడ్డు పేరు ఇప్పటి కాలేజీల వల్ల వచ్చింది కాదు. 1812లో కుంఫిణీ కుర్ర ఉద్యోగులకు దేశభాషలు నేర్పడానికి పెట్టిన సెయింట్ జార్జి కోట కళాశాల ఈ ప్రాంగణంలోనే ఉండేది. వెలగపూడి కోదండరామ పంతులు దగ్గర బ్రౌన్ తెలుగు మొదలుపెట్టింది ఆ మద్రాసు రోజుల్లోనే. ఇప్పుడు అంతా విద్యాశాఖ ఆఫీసులు, ఫైళ్లు పట్టుకున్న టీచర్లు, నిమ్మకాయ సోడా బండ్లు. అదే ఆవరణలో మద్రాసు లిటరరీ సొసైటీ. అదీ 1812దే. నిచ్చెన వేసుకుని ఎక్కాల్సిన ఇనుప అరలు, పాత తోలు వాసన. సభ్యత్వం లేకున్నా మర్యాదగా అడిగితే చూపిస్తారు, అరల మీద చేయి మాత్రం వేయకండి.

వేపేరిలో చర్చి పక్క వీధుల్లో క్రైస్తవ విజ్ఞాన సంఘం అచ్చుకూటం ఉండేది. 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు, 1854లో అన్యదేశ్యాల మిశ్రభాషా నిఘంటువు అక్కడే అచ్చయ్యాయి. ఈ నిఘంటువు వాడేవాళ్లు తెలుసుకోవాల్సింది ఒకటుంది. చాప, చలి లాంటి మాటల్లో పలికే ౘ, జల్లెడలో పలికే ౙ బ్రౌన్ గుర్తుపెట్టి చూపించాడు. అరసున్నను మాత్రం పండితుల పట్టింపు కింద తీసేశాడు. 1903లో వెంకటరత్నం, క్యాంప్‌బెల్, వీరేశలింగం సరిదిద్దిన కూర్పే మనకు ఎక్కువగా దొరుకుతుంది. కాబట్టి ఏదైనా అర్థాన్ని ‘బ్రౌన్ ఇలా అన్నాడు’ అనే ముందు 1852 ప్రతి చూడండి. రెండో కూర్పులో చేరిన మాటను బ్రౌన్ నెత్తిన రుద్దిన వ్యాసాలు చాలానే ఉన్నాయి.

వేమనకూ ఇదే జాగ్రత్త. 1829 పుస్తకంలో 693 పద్యాలు, 1839 కూర్పులో 1164. ఏ కూర్పో చెప్పకుండా పద్యం అంకె ఇస్తే ఎవరికీ దొరకదు.

ఆరో రోజు, లండన్, యూస్టన్ రోడ్డు

బ్రిటిష్ లైబ్రరీ చదువరి కార్డు ఉచితం. ఇంటి చిరునామా చూపే కాగితం ఒకటి, సంతకం ఉన్న గుర్తింపు ఒకటి కావాలి. కోటు, సంచీ కింద లాకరులో పెట్టాలి. పెన్ను కూడా అక్కడే. పెన్సిలు, నోటుపుస్తకం, ల్యాప్‌టాప్ పారదర్శక సంచిలో పెట్టుకుని మూడో అంతస్తులో ఆసియా, ఆఫ్రికా చదువుగదికి వెళ్లాలి. 2023 అక్టోబరు సైబరు దాడి తరువాత ఆన్‌లైన్ సూచికలు చాలాకాలం కుంటుతూ నడిచాయి. అందుకే అంకెలు ముందే రాసుకుని వెళ్లడం మంచిది.

బ్రౌన్ విషయంలో ఇక్కడ కావ్యాల కోసం వెతక్కండి. చూడాల్సింది ఇండియా ఆఫీసు దస్తావేజులు. ‘ఎన్’ వరసలో కలకత్తా బాప్తిస్మాల పట్టీలు. ‘జె’ వరసలో కుంఫిణీ రైటరు (తొలిమెట్టు సివిల్ ఉద్యోగి) కొలువుకు పెట్టుకున్న అర్జీలు, వాటితో జతచేసిన పత్రాలు. తండ్రి డేవిడ్ బ్రౌన్ ఫోర్ట్ విలియం కళాశాల పెద్ద, 1812లో పోయాడు. కుటుంబం ఇంగ్లండు చేరింది, కొడుకు హెయిలీబరీలోని కుంఫిణీ కళాశాలలో చదివి వచ్చాడు. ఒక కుర్రవాడిని ఎవరు సిఫారసు చేశారు, ఏ పరీక్షలు పెట్టారు అనేది ఈ అర్జీల్లో తేలుతుంది. జీవితచరిత్ర రాసేవాళ్లు సగంమంది వీటిని తెరవరు, ఒకరి తారీఖు ఒకరు ఎత్తి రాసుకుంటారు.

సాయంత్రం డ్రమ్మండ్ వీధి, లైబ్రరీ నుంచి పదిహేను నిమిషాల నడక. మసాలా దోశ తొమ్మిది పౌండ్లు. కడప దోశతో పోల్చకుండా తింటే బాగానే ఉంది.

ఏడో రోజు, లెడెన్‌హాల్ వీధి, గవర్ వీధి

లెడెన్‌హాల్ వీధిలో ఇప్పుడు పైపులన్నీ బయటికి పెట్టుకున్న లాయిడ్స్ భవనం నిలబడ్డచోట ఈస్టిండియా హౌస్ ఉండేది. 1861లో కూల్చేశారు. 1830ల నడుమ సెలవుపై వచ్చినప్పుడు బ్రౌన్‌కు దాని గ్రంథాలయంలో దక్షిణాది భాషల ప్రతులు గుట్టగా కనపడ్డాయి. 1811లో జావాలో చనిపోయిన జాన్ లేడెన్ పోగేసినవి. చదివేవాళ్లు లేని చోట ఎందుకని పట్టుబట్టి వాటిని మద్రాసుకు పంపించే ఏర్పాటు చేశాడు. చెన్నై భాండాగారంలో ‘లేడెన్’ అనే పేరు కనపడేది ఇందుకే. సముద్రం దాటి లండన్ వచ్చిన తాటాకులు తిరిగి వెళ్లడం మామూలుగా జరిగే పని కాదు. పక్కనే లెడెన్‌హాల్ సంత, రంగులద్దిన కప్పు కింద శాండ్‌విచ్‌లకు నిలబడ్డ ఆఫీసు జనం. ఇక్కడ వరసలో ముందుకు జరగడమంటే తగువే. ముందున్నవాడి భుజానికి ఆనుకుని నిలబడే మన అలవాటు మానుకోవాలి.

మధ్యాహ్నం గవర్ వీధిలో యూనివర్సిటీ కాలేజీ. ఉద్యోగం విరమించి లండన్ చేరాక, 1865లో బ్రౌన్‌ను తెలుగు ఆచార్యుడిగా వేసింది ఇక్కడే. గుమ్మటం, స్తంభాల ముందు మెట్ల మీద పిల్లలు పాఠం వదిలి ఎండ కాచుకుంటున్నారు. బయటివాళ్లకు ముందటి ఆవరణ వరకు ఇబ్బంది లేదు.

ఎనిమిదో రోజు, కిల్డేర్ గార్డెన్స్, కెన్సల్ గ్రీన్

రాయల్ ఓక్ స్టేషన్‌లో దిగి నడిస్తే కిల్డేర్ గార్డెన్స్. నడుమ చిన్న తోట, చుట్టూ తెల్ల సున్నపు ఇళ్లు. 22వ నంబరు ఇంట్లో 1884 డిసెంబరు 12న బ్రౌన్ కన్నుమూశాడు. పెళ్లి చేసుకోలేదు. ఇళ్లలో జనం కాపురం ఉంటున్నారు కాబట్టి మెట్లెక్కి ఫోటోలు తీయకండి, ఎదురు కాలిబాట చాలు.

కెన్సల్ గ్రీన్ శ్మశానం 1833లో తెరిచారు. డెబ్బై ఎకరాల పైచిలుకు. బాబేజ్, బ్రూనెల్, ట్రొలోప్ ఇక్కడే ఉన్నారు. మెట్రో దిగగానే దగ్గరగా కనపడే గేటులోంచి దూరితే, ఏ సమాధి ఎక్కడో చెప్పేవాళ్లు ఉండరు. హారో రోడ్డు మీద ఇంకాస్త తూర్పుగా పెద్ద గేటు, దాని దగ్గరే ఆఫీసు. ముందు అక్కడికే వెళ్లాలి. వానపడ్డాక గడ్డి కింద గుంతలు కనపడవు, చెప్పులతో వెళ్లకండి. పూలు తెస్తే ప్లాస్టిక్ కాగితం ఊడదీసి పెట్టాలి. కొబ్బరికాయ, అగరొత్తులు సంచిలోంచి తీయకపోతే మంచిది.

ఆఫీసులో బ్రౌన్ అని చెబితే, ‘మా దగ్గర చాలామంది బ్రౌన్‌లు ఉన్నారు’ అని ఆమె నవ్వింది. పూర్తి పేరు, చనిపోయిన తారీఖు రాసిస్తే పట్టీ తీస్తారు. మనవాళ్లు రాసిచ్చే చీటీల్లో తరచూ వచ్చే తప్పు ఒకటే. ఇంగ్లీషులో ఫిలిప్ రాసేటప్పుడు రెండు ‘ఎల్’లు పెడతారు. నిఘంటుకర్త పేరులో ఎల్ ఒకటే. లండన్ సూచికలో వెతికినా, ఇక్కడ చీటీ రాసినా, రెండు పెడితే మనిషి దొరకడు.